ఒట్టి క్రీము

చెయ్యి చూపించనిదే రొయ్యల షెడ్డులో అడుగు పెట్టనివ్వరు. గిలకలదిండి రేవు పక్కన, ఐసు ఫ్యాక్టరీ దాటాక ఉంటుందా షెడ్డు. పొద్దున్నే సూపర్‌వైజరు డేవిడ్ రాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆడవాళ్లు వరసలో వచ్చి రెండు చేతులూ బోర్లించి ఒకసారి, వెల్లకిలా తిప్పి ఒకసారి చూపించాలి. పగుళ్లుంటే ఇంటికి. రసి కారుతుంటే ఇంటికి. పై దేశాలకి వెళ్లే సరుకు, పుండు చేత్తో ముట్టుకుంటే కంటైనరుకి కంటైనరే వెనక్కి వచ్చేస్తుందని అతని గోల. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఐసులోనూ క్లోరిన్ నీళ్లలోనూ ఆ చేతుల్ని నానబెట్టించేది ఆ షెడ్డే. నానీ నానీ పగిలాయని బయటికి గెంటేదీ ఆ షెడ్డే. ఇదేం న్యాయమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

గ్లౌజులు ఇస్తారు, ఇవ్వకేం. రొయ్య తలమీది ముల్లు దిగగానే అవి చిరుగుతాయి. చిరిగిన గ్లౌజులోకి నీళ్లు దిగితే చేతికి ఇంకా చేటు. అందుకని చాలామంది వాటిని కొంగున దోపుకుని, పై అధికార్లు వచ్చినప్పుడు మాత్రం తొడుక్కుంటారు.

ఆ పొద్దున వీరమ్మ చేతులు చాపి నిలబడింది. డేవిడ్ రాజు వేలూ వేలూ చూశాడు. వేళ్ల సందులు విడదీయమన్నాడు. ఎక్కడా పగులు లేదు, కొత్త చర్మం వచ్చి లేతగా, గులాబీ రంగుగా ఉంది. పోయిన వానాకాలమంతా ఇదే గుమ్మంలో ఇతని చేతే వెనక్కి పంపించుకున్న చేతులవి. నీకేం బాగానే ఉన్నాయి పో అన్నాడతను. వీరమ్మ లోపలికి నడిచి, నాలుగడుగులు వేశాక, వీడు తన పెళ్లికి కూడా పిల్లని ఇట్టాగే వేళ్లు విడదీసి చూసుంటాడని అంది. వెనకే వస్తున్న ఆమె తోడికోడలు సీతారావమ్మ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. సీతారావమ్మ చేతులు ఇంకా అంత బాగా లేవు. ఎడమ అరచేతిలో ఒక గీత మిగిలే ఉంది. అయినా ఈమధ్య ఆమెనీ ఆపడం లేదు.

వాళ్ల బల్ల దగ్గర నలుగురు. వీరమ్మ, సీతారావమ్మ, వయసులో అందరికన్నా చిన్నదైన రోజా, పోతయ్య భార్యగానే అందరికీ తెలిసిన ఒకావిడ. ట్రేలు తెచ్చి గుమ్మరించేవాడు ఎవరి ముందు ఏది పోస్తే అదే వాళ్ల రాత. లావు రొయ్య పడినామె చెయ్యి చకచకా సాగిపోతుంది, తల తుంచి, పెంకు లాగి, వీపు మీది నల్ల నరం తీసి పడేస్తే తూకం ఇట్టే వచ్చేస్తుంది. సన్న రొయ్య పడినామె అంతే సేపు కష్టపడి సగం తూకం కూడా తేలేదు. అందుకని ఆ షెడ్డులో ఏ బల్ల దగ్గరైనా ఒలిచింది ఒలిచినట్టు ఒకే టబ్బులో పోస్తారు. కూలి సమానంగా పంచుకుంటారు. ఇది కంపెనీ పెట్టిన రూలు కాదు. ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు. వేరుగా తూకం వేయించుకుంటానని ఎవరైనా అంటే ఆ మనిషితో మర్నాటి నుంచి ఎవరూ మాట్లాడరు, అంతే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురూ షెడ్డు వెనక నీడలోకి వచ్చారు. రోజా సంచిలోంచి స్టీలు గిన్నె తీసింది. ఎవరి ట్యూబు వాళ్లు మూత విప్పి గిన్నెలోకి పిండారు. నాలుగూ ఒకేలా ఉన్న తెల్ల ట్యూబులు, మీద అంకెలు తప్ప పేరన్నది లేదు. వీరమ్మ చూపుడువేలితో క్రీమంతా గిరగిరా కలిపింది. అందరూ వరసగా తీసుకుని రాసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే భార్గవి స్కూటీ దిగింది. బందరులో చర్మం డాక్టరు ప్రకాష్ గారి ఆసుపత్రిలో ఈ ట్యూబుల వ్యవహారమంతా చూసుకునేది ఆ అమ్మాయే. పామర్రు పిల్ల, ఫార్మసీ చదివింది. మామూలుగా అయితే చెప్పి వస్తుంది. ఆ రోజు రేవులో వేరే ఆవిడకి దద్దుర్లొచ్చాయంటే చూడటానికి వచ్చి, వీళ్లనీ పలకరిద్దామని ఇటు తిరిగింది. గిన్నె వంక చూసింది. ట్యూబుల వంక చూసింది. అక్కడ బోర్లించి ఉన్న ట్రే మీద కూర్చుండిపోయింది.

"ఏంటి పిన్నీ ఇది?"

క్రీమే గదా అంది వీరమ్మ. నువ్వూ రాసుకుంటావా అని రోజా గిన్నె చాపింది కూడా. భార్గవి తీసుకోలేదు. ఎన్నాళ్ల నుంచి ఇలా కలుపుతున్నారని అడిగింది. వినాయక చవితి వెళ్లిన దగ్గర్నుంచీ అని చెప్పారు. మీరు నలుగురేనా అని అడిగింది. నలుగురమే ఎందుకుంటాం, ప్రతి బల్లా అంతేనని పోతయ్య భార్య కొంచెం గర్వంగానే చెప్పింది. భార్గవి రెండు చేతులతో తల పట్టుకుంది. ఎందుకంతలా అయిపోయిందో నలుగురికీ అంతుపట్టలేదు. దొంగతనం చేశారా, అమ్ముకున్నారా, పారబోశారా. ఉన్న క్రీమే, రాసుకోమని ఇచ్చిందే, రాసుకున్నారు.

ఆ అమ్మాయి ఏమీ తిట్టలేదు. రేపు ఒకసారి ఆసుపత్రికి రండి, డాక్టరుగారికి చెప్పకుండా ఉండలేను అని మాత్రం అని, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. తలకి హెల్మెట్ పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

*

డాక్టరు ప్రకాష్ చెడ్డవాడని రేవులో ఎవరూ అనరు. రోగి చెయ్యి తన చేతిలోకి తీసుకుని చూస్తాడు, దూరంనుంచి చూసి మందు రాసిపారేసే రకం కాదు. ఈ పగుళ్ల జబ్బుని ఎగ్జిమా అంటారనీ, నీళ్లలో పని చేసేవాళ్లందరికీ వచ్చేదేననీ, దీనికి హైదరాబాదు కంపెనీ ఒకటి కొత్త క్రీము తయారుచేసి పనిచేస్తుందో లేదో చూస్తోందనీ రేవులోకి వచ్చి చెప్పింది ఆయనే. అందుకే ఆ రోజు ఆయన నోట అలాంటి మాటలు వస్తాయని వీరమ్మ అనుకోలేదు.

నలుగుర్నీ బల్ల ముందు నిలబెట్టాడు. కుర్చీలు నాలుగు ఖాళీగానే ఉన్నాయి. బుద్ధుందా అన్నాడు. మీలాంటివాళ్లని పెట్టుకుని రీసెర్చి చెయ్యాలనుకోవడం నాదే బుద్ధితక్కువ అన్నాడు. ఉచితంగా వస్తే విషమైనా పంచుకు తింటారన్నాడు. మీ రేవు వాళ్లంతా ఇంతే, ఏదిచ్చినా సంతలో సరుకు చేసేస్తారన్నాడు. రోజా కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. సీతారావమ్మ తల వంచుకుని, తప్పయిపోయింది బాబుగారూ, తప్పయిపోయింది అని జపంలా అంటూనే ఉంది. వీరమ్మ తల వంచుకోలేదు. ఆ ఖాళీ కుర్చీల వంక చూస్తూ నిలబడింది. తప్పేదో అయ్యుండొచ్చు. కానీ ఈ రేవు వాళ్లంతా అనే మాట ఎందుకు రావాలి? ఆ రేవు చేపే గదా వారం వారం ఈయనింటికి వెళ్లేది, అప్పుడు కనబడలేదా రేవు వాళ్ల బుద్ధి? ఒళ్లు మండిపోయింది ఆమెకి. భార్గవి గోడ పక్కన నిలబడి నేల చూస్తోంది.

ఫోను మోగితే డాక్టరు బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయాడు. కూర్చోండమ్మా అన్నాడు. టీ తెప్పించాడు. ఎల్లుండి హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వస్తున్నాడట. చేతులు చూస్తాడట, ఒక్కొక్కరినే పిలిచి ట్యూబు ఎలా వాడారో అడుగుతాడట.

"ఎవరి ట్యూబు వాళ్లే రాసుకున్నామని చెప్పండి. అంతే. ఒక్క మాట. కలిపామని చెప్పారో, ఆ రోజే మీ ట్యూబులు ఆపేస్తారు. మళ్లీ మీ చేతులు మొదటికొస్తాయి. మీ మంచికే చెప్తున్నాను వీరమ్మా."

ఇందాక బుద్ధిలేనివాళ్లు, ఇప్పుడు అమ్మలు. గంట కూడా కాలేదే! వీరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టేసింది.  అంతలోనే డేవిడ్ రాజు కుర్చీ కళ్లముందు కదిలింది. ట్యూబు ఆగిపోతే చేతులు పగులుతాయి, చేతులు పగిలితే షెడ్డు లేదు. భర్త వెంకట్ బోటు మీద వెళ్తాడు గానీ వేట ఆగిన నెలల్లో ఇల్లు గడిచేది ఈ చేతుల మీదే. అలాగేలెండి బాబుగారూ అని సీతారావమ్మ నలుగురి తరఫునా మాటిచ్చేసింది. వీరమ్మ కాదనలేదు.

*

మర్నాడు సాయంత్రం భార్గవి వీరమ్మ ఇంటికొచ్చింది. ఏం చెప్పాలో ఇంకోసారి నేర్పించి రమ్మని డాక్టరు పంపించాడట. వీరమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. భార్గవి పక్కన చతికిలబడి తనూ ఏరడం మొదలుపెట్టింది గానీ, నేర్పించడం మాత్రం మొదలుపెట్టలేదు. నువ్వేంటి అట్టా ఉన్నావని వీరమ్మే కదిపింది. పడుకుంటే నిద్ర పట్టడం లేదంది ఆ పిల్ల.

"కలిపితే ఏమైందో చెప్పు ముందు. అందరికీ తగ్గింది గదా, అది మంచిదే గదా," అంది వీరమ్మ.

భార్గవి ఒక చేప పట్టుకుని, దాన్ని చూస్తూనే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మొదట్లో చెప్పాను గుర్తుందా పిన్నీ, సగం మందికి మందున్న క్రీము, సగం మందికి మందు లేని ఒట్టి క్రీము, లాటరీలో పడినట్టు పడుతుందని. మందు క్రీము వాళ్లకి తగ్గి, ఒట్టి క్రీము వాళ్లకి తగ్గకపోతేనే ఈ మందు పనిచేస్తుందని తెలుస్తుంది. మీరు కలిపేశారు. ఇద్దరికీ కాస్త కాస్త మందు అందింది, ఇద్దరికీ దాదాపు ఒకేలా తగ్గింది. మా ఆసుపత్రి లెక్కలో సగానికి పైగా మీ రేవు వాళ్లే. ఇప్పుడు కంపెనీ వాళ్లు రెండు గుంపులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనబడదు. తేడా లేదు కాబట్టి ఈ మందూ ఒట్టి క్రీమూ ఒకటేనని తేల్చేస్తారు.

వీరమ్మ చేతిలో చేప కింద పెట్టింది.

"అంటే, మా చేతులు బాగయ్యాయి కాబట్టి మందు పనిచెయ్యదని రాస్తారా?"

భార్గవి తలూపింది.

వీరమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. తన చెయ్యి తను చూసుకుంది. ఆసుపత్రుల చుట్టూ తిరిగి, పసుపూ వేపాకూ పూసి, కొబ్బరినూనెలో ముంచి, తగ్గక తగ్గక చివరికి దీంతో తగ్గిన చెయ్యి. దీన్ని చూసి కూడా ఆ మందు ఉత్తదని రాసి చెత్తబుట్టలో పడేస్తారా? పెడనలో కలంకారీ అద్దకం చేసేవాళ్లూ ఈ ట్యూబులు వాడుతున్నారని భార్గవి చెప్పింది. వాళ్లు కలపలేదు, ఎవరింట్లో వాళ్లు రాసుకున్నారు. రంగుల్లో, పటిక నీళ్లలో వాళ్ల చేతులూ ఇంతే. వేరే ఊళ్లలోనూ ఉన్నారు. మీరు కలిపిన సంగతి కంపెనీకి తెలిస్తే మీ లెక్క పక్కన పెట్టి, వాళ్ల లెక్క చూసుకుంటారంది. తెలియకపోతే మీ లెక్క వాళ్ల లెక్కని కూడా ముంచేస్తుందంది.

ఆ సంగతి డాక్టరుకి తెలియదా అని వీరమ్మ అడిగింది. తెలుసంది. తెలిసీ అబద్ధం చెప్పమన్నాడా అని మళ్లీ అడిగింది. తప్పు జరిగిందని తేలితే ఇంకెప్పుడూ ఏ కంపెనీ తన ఆసుపత్రికి రీసెర్చి ఇవ్వదని ఆయన భయమట. నువ్వెందుకు చెప్పవు మరి అని వీరమ్మ కసిరినట్టే అడిగింది.  అడిగితే చెప్తాను పిన్నీ, నా అంతట నేను చెప్పడానికి ధైర్యం చాలడం లేదు, ఇంట్లో సంపాదన నాదొక్కటే అంది భార్గవి.

ఏం చెప్పమనీ నేను నిన్ను అడగడం లేదని చెప్పి ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు చున్నీకి తుడుచుకుని వెళ్లిపోయింది. వీరమ్మ చాలాసేపు ఆ చేపల ముందే కూర్చుంది. వెంకట్ వచ్చి అన్నం పెట్టమంటే, మగాళ్లకి ఎప్పుడూ అన్నం గొడవేనని అతన్ని తిట్టింది. అతనేం చేశాడు పాపం.

*

కంపెనీ మనిషి పేరు రాజారత్నం. నెరిసిన జుట్టు, ముఖాన కళ్లద్దాలు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద రేవు ఆడవాళ్లందరూ మంచి చీరలు కట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. మొదట సీతారావమ్మని పిలిచారు. తొందరగానే తిరిగొచ్చింది. చేతిలో కొత్త ట్యూబు. నేర్పినట్టే చెప్పేశాను, ఏం భయం లేదు, వెళ్లు వెళ్లు అని వీరమ్మ వీపు మీద తట్టింది.

లోపల బల్లకి ఆ పక్క రాజారత్నం, ఈ పక్క డాక్టరు ప్రకాష్, గోడ పక్కన భార్గవి. రాజారత్నం ఆమెని కూర్చోమన్నాడు. చేతులు చూశాడు. వెలుతురు చాల్లేదని లేచి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. చాలా బాగా మానిందమ్మా అన్నాడు. ట్యూబు రోజూ మీరే రాసుకునేవారా, ఎవరికైనా ఇచ్చేవారా అని అడిగాడు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబూ తెలుసు. నోరు తెరిచేదాకా ఏ జవాబు వస్తుందో మాత్రం ఆమెకే తెలియదు.

"కలుపుకుని రాసుకున్నామండీ. గిన్నెలో పిండి, కలిపి, పంచుకున్నాం."

డాక్టరు కుర్చీ కిర్రుమంది. ఎవరెవరు కలుపుకున్నారని రాజారత్నం అడిగాడు. నా సంగతి నేను చెప్పానండీ, మిగతావాళ్ల సంగతి వాళ్లే చెప్పుకోవాలి, వాళ్ల పేర్లు నా నోటితో చెప్పను అంది వీరమ్మ. డాక్టరు ఇంగ్లీషులో ఏదో అన్నాడు, నవ్వుతూ. రాజారత్నం నవ్వలేదు, ఆమెకి తెలిసే భాషలో మాట్లాడండి అన్నాడు. అప్పుడు డాక్టరు తెలుగులో చెప్పాడు. చదువులేని వాళ్లండీ, మనం ఎంత చెప్పినా బుర్రకెక్కదు. లాటరీ అంటే ఏంటో, ఒట్టి క్రీము అంటే ఏంటో వీళ్లకేం అర్థమవుతుంది. మా ఆసుపత్రి అమ్మాయి కూడా సరిగ్గా విడమరిచి చెప్పినట్టు లేదు. ఏదో ఈవిడొక్కతే తెలియక చేసుంటుంది.

గోడ పక్కన భార్గవి ముఖం పాలిపోయింది. అది చూసింది వీరమ్మ. అంతవరకూ బెదురుతూనే ఉన్న మనిషికి ఆ ఒక్క మాటతో బెదురు పోయింది. బుద్ధిలేనివాళ్లన్నాడు, పడింది. సంతలో సరుకన్నాడు, పడింది. ఇప్పుడు తను తప్పించుకోవడానికి తమకి అర్థం కాలేదంటాడా, పైగా ఆ పిల్ల మీదికి తోసేస్తాడా?

"ఆ అమ్మాయి బాగానే చెప్పిందండీ. వలలు కుట్టే పాకలో కూర్చోబెట్టి, రెండుసార్లు చెప్పింది. సగం మందికి మందు, సగం మందికి ఒట్టిది, ఎవరిదేదో డాక్టరుగారికి కూడా తెలీదంది. మేం అడిగినవాటికల్లా ఓపిగ్గా చెప్పింది. అర్థం కాకపోవడమేంటండీ? అర్థమయ్యే కలిపాం. నాకు మందు పడింది, పక్కనామెకి ఒట్టిది పడింది. నా చెయ్యి మానిపోతా ఉంది, ఆమె చెయ్యి రసి కారతా ఉంది. ఒకే బల్ల దగ్గర కూర్చుని అది చూస్తా నా ట్యూబు నేను దాచుకోవాలా? అది మావల్ల కాలేదు."

 ఆమె ఊపిరి తీసుకుంది.

"మేం కలిపితే మీ లెక్క పాడవుద్దని మాత్రం అప్పుడు తెలీదండీ. అది మా తప్పే, కాదనను. కానీ తెలిసిన తర్వాత కూడా అబద్ధం చెప్పమన్నారే, ఆ తప్పు మాది కాదు. ఇదిగో నా చెయ్యి. ఇది చూసి మందు పనిచెయ్యదని మాత్రం రాయకండి."

రాజారత్నం భార్గవి వైపు తిరిగాడు. ఈవిడ చెప్పింది నిజమేనా అని అడిగాడు. నిజమేనండీ అంది భార్గవి.  డాక్టరు లేచి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

రాజారత్నం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. రూలు ప్రకారం మీకు ఇక ట్యూబు ఇవ్వలేనమ్మా అన్నాడు. ఆ మాట చెప్పడం ఆయనకీ ఇష్టం లేనట్టే ఉంది. వేరే మందేదైనా రాయమంటాను, అది ఇంత బాగా పనిచెయ్యకపోవచ్చు అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మీ ఒక్కరి లెక్క తీసేస్తే సరిపోదు. మిగతావాళ్లు కూడా కలిపినట్టు వాళ్ల నోటితో చెబితేనే నేను ఏమైనా చెయ్యగలను. వాళ్లు కలపలేదంటే నేను కలిపారని రాయలేను.

వీరమ్మ సంచిలోంచి తన ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. ఇంకా సగానికి పైగా ఉంది. దాని వంక ఒకసారి చూసి బయటికొచ్చేసింది.

వరండాలో సీతారావమ్మ కొత్త ట్యూబు అట్టపెట్టెలోంచి తీసి, మూతకున్న సీలు గోటితో గీరుతోంది. నీదేది అని అడిగింది. వీరమ్మ బెంచీ మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. నువ్వూ చెప్పమని అనలేదు. అనడానికి నోరు రాలేదు. ఆ నలుగురిలోకీ సీతారావమ్మ చేతులే అధ్వాన్నం, ఆ అరచేతిలో గీత ఇంకా పూడనే లేదు. రాజారత్నం ఏమన్నాడో మాత్రం దాచకుండా చెప్పింది. మిగతావాళ్లు కూడా చెబితేనే అన్నాడని.

సీతారావమ్మ లేచి నిలబడి తిట్లు లంకించుకుంది. నీ నోట్లో నువ్వుగింజ నానదే అంది. నేను మాటిచ్చి వస్తే నా మాట గంగలో కలిపేశావంది. లోపల అబద్ధమాడి వచ్చిన నా ముఖం ఇప్పుడెక్కడ పెట్టుకోవాలంది. ఎవడి మందు ఎట్టా పోతే మనకెందుకే, మన చేతులు మనకి ముఖ్యం కాదా అంది. రోజా మధ్యలోకొచ్చి అక్కా అందరూ వింటున్నారంటే, విననీ అని దాని మీదా పడింది. 

తిట్టీ తిట్టీ సీతారావమ్మ ఆగింది. సీలు సగం ఊడిన ట్యూబుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎడమ చెయ్యి విప్పి ఆ గీత చూసుకుంది. తర్వాత ఎవరూ పిలవకుండానే వెళ్లి ఆ గది తలుపు తోసింది. తలుపు మూసుకోలేదు. లోపలి మాట వరండాలోకి స్పష్టంగా వినబడింది.

"ఇందాక నేను చెప్పింది అబద్ధమండీ. ఇదిగో మీ ట్యూబు. వీరమ్మతో కలిపింది నేనే."

రోజా వీరమ్మ వంక చూసింది. లేచి చీర సర్దుకుని, సంచి భుజాన వేసుకుని ఆ తలుపు వైపు నడిచింది. పోతయ్య భార్య కూడా లేచింది. బెంచీల మీద మిగిలిన ఆడవాళ్లు కాసేపు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత అటు చివర నుంచి ఒకావిడ లేచింది, ఆమె వెనక ఇంకొకావిడ.

బయటికొచ్చేసరికి ఎండ బాగా ముదిరింది. నలుగురూ రేవుకి వెళ్లే ఆటో ఎక్కారు. భార్గవి కూడా తన సంచి తీసుకుని బయటికొచ్చి, ఇవాళ్టికి స్కూటీ నడపలేనని వాళ్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది. రేపటి నుంచి ఆసుపత్రికి రావాలో అక్కర్లేదో డాక్టరు చెప్పలేదట, అసలు మాట్లాడనేలేదట. 

ఆటో కదిలినా సీతారావమ్మ సణుగుడు ఆగలేదు. "నాలుగు రోజులు పోతే నా చేతులు మళ్లీ పగులుతాయి. కూర కారం తగిలితే ప్రాణం పోద్ది. నువ్వే ముద్దలు కలిపి నా నోట్లో పెట్టాలి, చెప్తన్నా."

వీరమ్మ తన రెండు చేతులూ ఆమె ముందు చాపింది. "ఇయ్యి మాత్రం పగలకుండా ఉంటాయా అక్కా?"

సీతారావమ్మ ఆ చేతుల్ని పట్టుకుని, వేలితో రుద్ది, చాలాసేపు చూసింది. కోపమంతా ఇంకా ముఖంలోనే ఉంది.

"సరేలే. ఆ మందు బజార్లోకి వచ్చేదాకా ఇద్దరం చెంచాలతో తిందాం," అంది.

వస్తుందంటావా అని రోజా ముందు సీటులోంచి అడిగింది.

"రాకేం చేస్తదే? పనిచేసే మందు పనిచెయ్యదని రాస్తే ఊరుకుంటామా? చేతులు చూపించి మరీ చెప్పొచ్చాం," అని సీతారావమ్మ దాని మీద విసుక్కుంది.